అమరం నుండి ఆంగ్ల పర్యాయపదాల వరకు

పరీక్షలు సమీపించిన రోజులలో ఎలవూరు మొదలుకొని తిరువళ్ళూరు, తిరుత్తణి వరకు విద్యార్థులున్న ఇళ్ళలో సాయంకాలం ఒకే విధమైన వల్లెవేత వినవస్తుంది. ‘హౌస్’కు ‘డ్వెల్లింగ్’, ‘జర్నీ’కి ‘వాయేజ్’, ‘ఫ్రెండ్’కు ‘కంపానియన్’ అని పిల్లలు ఇంగ్లీషు నామవాచకాలను జంటలుగా కంఠస్థం చేస్తుంటారు. తమిళనాడు పదవ తరగతి ఇంగ్లీషు ప్రశ్నపత్రంలో ఇచ్చిన మాటకు సమానార్థకాన్ని ఎన్నుకొనవలసిన ప్రశ్నలుండడమే దీనికి కారణం. ఈ చదువు తెల్లదొరలతో ఓడ దిగివచ్చినదని పలువురి అభిప్రాయం. చరిత్రను పరిశీలించినచో విషయం అంత సులభం కాదని తేలుతున్నది.

మన దేశంలో నామపర్యాయాలను నేర్పడానికే పుట్టిన గ్రంథం అమరకోశం. అమరసింహుడు రచించిన ఈ గ్రంథానికి అసలు పేరు నామలింగానుశాసనం. నామాలను, వాటి లింగాలను బోధించేదని ఆ పేరే చెప్పుచున్నది. మూడు కాండాలలో సుమారు 1500 శ్లోకాలున్న ఈ కోశం అకారాది క్రమంలో నడవదు. స్వర్గం, కాలం, భూమి, పురం, పర్వతం, ఓషధులు, మనుష్యులు అంటూ విషయానుసారంగా మాటలను ఒకచోట చేరుస్తుంది. వెదకి చూచుకొనడానికి కాదు, నోటికి రావడానికి కూర్చిన పుస్తకమిది. తెలుగువారు దీనిని గురుబాలప్రబోధిక అనే తెలుగు టీకతో చదువుకొన్నారు. 1854లో మద్రాసులో వెలసిన వావిళ్ళ వారి వంటి ముద్రణ సంస్థలు అమరాన్ని తెలుగు లిపిలో అచ్చువేసి ఊరూరికి చేర్చాయి.

సంస్కృతానికి అమరం ఎటువంటిదో అచ్చతెలుగుకు పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం అటువంటిది. దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గాలుగా విభజించి తెలుగు పర్యాయపదాలను పద్యాలలో పొదిగిన చిన్న నిఘంటువది. అందులో చేరని మాటలను కూర్చి అడిదము సూరకవి ఆంధ్రనామశేషమును రచించాడు. పద్యం నోటికి వచ్చినవానికి పదాలు కూడా వచ్చినట్లేనని ఆనాటి పెద్దల నమ్మకం.

ఆ నమ్మకం ఎంతవరకు నిజమన్న ప్రశ్న కూడా కొత్తది కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధాని అంతటా ఉన్న దేశీయ పాఠశాలల వివరాలను కలెక్టర్ల నుండి కోరాడు. తెలుగు, కన్నడ పిల్లలు చదివే బళ్ళారి జిల్లా నుండి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823లో నివేదిక పంపాడు. ఆ జిల్లాలో 533 పాఠశాలలు ఉన్నట్లు లెక్కించి, చదివే పుస్తకాలలో అమరాన్ని, ఆంధ్రనామసంగ్రహాన్ని పేర్కొన్నాడు. వీథిబడుల పొదుపును, పిల్లలే పిల్లలకు నేర్పే పద్ధతిని ఆయన మెచ్చుకొన్నాడు. అయితే కుర్రవాళ్ళు పద్యాలను తడబడకుండా అప్పజెప్పగలరే కాని వాటి అర్థం చిలుకకు తెలిసినంతే వారికి తెలుసునని కూడా వ్రాశాడు. దాదాపు రెండు శతాబ్దాల నాటి ఈ మాట నేటి పర్యాయపదాల పట్టికకు కూడా వర్తించడం ఆలోచించవలసిన విషయం.

ఇక ఆంగ్లేయుల వైపు చూతము. ఇంగ్లీషు పర్యాయపదాలకు జగత్ప్రసిద్ధమైన కోశం పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు 1852లో, తన డెబ్బది మూడవ యేట లండనులో ప్రకటించిన ‘థిసారస్’. అదీ విషయానుసారంగా కూర్చినదే. తనకు ముందు ఇటువంటి ప్రయత్నం చేసిన వారిని పీఠికలో స్మరిస్తూ, వారందరిలో ప్రాచీనుడుగా రోజెట్ పేర్కొన్నది మన అమరసింహుని. కోల్‌బ్రూక్ ఆంగ్లానువాదంతో 1808లో శ్రీరాంపూరులో అచ్చయిన అమరకోశం ఆయన ఎరిగినదే. అదే 1852లో మద్రాసులో సి. పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది. కాబట్టి పర్యాయపదాలను నేర్చే పిల్లవాడు పరాయివారి వీథిలో తిరుగుతున్నవాడు కాడు. తాతలు నడచిన బాటలోనే ఉన్నాడు.

ఒకే వస్తువుకు ఇన్ని పేర్లు ఎందుకు వచ్చాయి? 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి మాటలు, తరువాత లాటిన్ మాటలు ఇంగ్లీషులో కుదురుకొన్నాయి. ‘ఫ్రీడమ్’ దేశిపదం, ‘లిబర్టీ’ ఫ్రెంచి ద్వారా వచ్చినది. ‘బ్రదర్‌హుడ్’, ‘ఫ్రెటర్నిటీ’ కూడా ఇటువంటి జంటయే. తెలుగులో తల్లి–మాత, ఊరు–గ్రామం, నీరు–జలం ఏర్పడిన తీరూ ఇదే. దేశ్యం ఇంటిలో వినబడుతుంది, తత్సమం సభలో వినబడుతుంది. అర్థం దగ్గరదైనా సందర్భం వేరు. గుడిలో పూజారి పోసేది తీర్థం, అతిథికి అందించేది మంచినీళ్ళు. ఒకదాని స్థానంలో మరొకటి పెడితే విన్నవారు నవ్వుతారు. ఆడికృత్తికకు కావడి ఎత్తి తిరుత్తణి కొండకు వెళ్ళడం యాత్ర. అదే రైలులో ఉద్యోగానికి వెళ్ళడం ప్రయాణం. ఈ భేదం తెలిసిన విద్యార్థికి ‘పిల్‌గ్రిమేజ్’, ‘జర్నీ’ అనే మాటల మధ్య భేదం ఒక్క నిమిషంలో బోధపడుతుంది. ‘వాయేజ్’ అన్నది విశేషంగా సముద్రయానమని చెబితే, ఇక వాటిని కలగాపులగం చేయడు.

ఈ సరిహద్దు సీమ పిల్లలకు మరొక సౌలభ్యం కూడా కలదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రానికి మారినది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినది. 2006లో వచ్చిన చట్టం తమిళ బోధనను ఒకటవ తరగతి నుండి క్రమంగా తప్పనిసరి చేసినది. ఇంటిలో తెలుగు, వీథిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు అనగానే తల్లిదండ్రులు అది పిల్లల నెత్తిన మోయలేని బరువని దిగులు చెందడం సహజం. కొందరు తెలుగును వదలివేస్తే భారం తగ్గునని తలపోస్తున్నారు. కాని రెండు భాషల నడుమ పెరిగిన బిడ్డకు మాటల పోలిక, తేడా ఉగ్గుపాలతోనే అలవడుతుంది. తమిళుల ‘తణ్ణీర్’ చల్లని నీరని తెలిసినప్పుడు, తెలుగువారిలో తన్నీరు అనే ఇంటిపేరు ఎందుకున్నదో తెలుస్తుంది. తమిళంలో ‘వీడు’ ఇల్లు. మన ప్రాచీన కావ్యాలలో వీడు పట్టణం. ఒకే మూలం నుండి వచ్చిన మాటలు వేర్వేరు అర్థాలలో స్థిరపడడం ఈ పిల్లలకు నిత్యానుభవం.

కావున చేయవలసినది పట్టికను మానడం కాదు, పట్టికతో ఆగిపోకుండుట. కంఠస్థం లేనిదే ఏ భాషలోనూ పదసంపద చేకూరదు. అమరం చదివిన తరాలే దానికి సాక్ష్యం. అర్థం లేని కంఠస్థం నిలువదు. క్యాంబెల్ నివేదిక దానికి సాక్ష్యం. ఒక్కొక్క ఇంగ్లీషు నామవాచకానికి ముందుగా దగ్గరి తెలుగు మాటను చెప్పించి, ఆ రెండింటిని రెండు వాక్యాలలో ప్రయోగింపజేసి, ఆ మాట ఎక్కడ ఇమడదో కూడా అడిగిన నాడు చిలుకపలుకు చదువుగా మారుతుంది. ఈ పని ఉపాధ్యాయులు తరగతిలో చేయవచ్చు. ఇంగ్లీషు రాని తల్లి కూడా వంటింటిలో నుండి చేయించవచ్చు. ఆమె అడుగవలసినది ఒక్కటే: “ఆ మాటను మనమేమంటాము, ఎప్పుడంటాము?” ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి బిడ్డకు తెలుగు వచ్చి ఉండాలి. ఈ సీమలో తెలుగు బడి నిలిచి ఉండవలసిన కారణాలలో ఇది చిన్నది కాదు.