శక్కర్‌నగర్ నుంచి సకాతెపెక్ దాకా

వచ్చే డిసెంబర్‌లో పదిహేను రోజులు మెక్సికో వెళ్దామని నేనూ నా భార్యా అనుకున్నాం. అలవాటు ప్రకారం ఒక ఎక్సెల్ షీట్ తెరిచాను. ఇక్కణ్నుంచి నేరుగా విమానం లేదు. అమెరికా వీసా ఉన్నవాళ్ళకి విడిగా మెక్సికో వీసా అక్కర్లేదు కాబట్టి ఒక పని తప్పింది. దేశం మాత్రం ఇండియాలో సగం కంటే పెద్దది. మెక్సికో సిటీ, తెవోతివాకాన్ పిరమిడ్లు, వహాకా, కాన్‌కూన్ సముద్రం... అన్నీ పట్టవు, ఏదో ఒకటి వదలాల్సిందే. అంత ఇరుకులోనూ ఆరో రోజు గడిలో నేను "సకాతెపెక్" అని రాశాను. రాజధానికి దక్షిణాన, మోరెలోస్ రాష్ట్రంలోని ఊరది. అక్కడేముందని నా భార్య అడిగితే చక్కెర ఫ్యాక్టరీ ఉందన్నాను.

ఫోన్‌లో ఈ సంగతి విని మా బాపు నవ్విండు. "గంత దూరం పోయి గక్కడ గూడ శక్కర్ ఫ్యాక్టరీనే చూస్తవార?"

మాది బోధన్. ఆ ప్రశ్నకి ఫోన్‌లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు మాట సంగతి. సంస్కృతంలో శర్కర, పర్షియన్‌లో షకర్, అరబ్బీలో సుక్కర్, స్పానిష్‌లో అసూకర్. మా శక్కర్‌నగర్ పేరులో ఉన్నదీ అదే మాట. మాటతోపాటే చెరుకూ పడమటికి నడిచింది. అరబ్బులు దాన్ని స్పెయిన్ దాకా తీసుకెళ్ళారు. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో అది సముద్రం దాటింది. మెక్సికోని గెలిచిన కోర్తెస్ మోరెలోస్‌లోనే, కుయెర్నవాకా దగ్గర గానుగ పెట్టించాడు. అటునుంచి మనకి వచ్చినవీ తక్కువేం కాదు. మా జిల్లాలో పండే మక్కలూ, మిరపకాయా, బతుకమ్మలో పేర్చే బంతిపూలూ అక్కడివే.

ఇక ఫ్యాక్టరీలు. బోధన్‌లో ముందు నీళ్ళొచ్చాయి, తర్వాత మిల్లు. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాల్వ కింది భూముల్లో కోస్తా నుంచి వచ్చిన రైతులు క్యాంపులు కట్టుకున్నారు. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఆసియాలోనే పెద్దదని మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెప్పేవారు. రాజు తలుచుకుంటే వచ్చిన ఫ్యాక్టరీ అది.

మోరెలోస్‌లో వరస వేరు. అక్కడ ముందే ఉన్న చెరుకు హసియెండాలు, అంటే పెద్ద జమీందారీ తోటలు, పక్క ఊళ్ళ భూమినీ నీళ్ళనీ మింగుతూ పోయాయి. అనెనెకుయిల్కో అనే ఊరు 1909లో ముప్పై ఏళ్ళ ఎమిలియానో సపాతాని తమ పెద్దగా ఎన్నుకుని, ఊరి పాత భూమి పత్రాలు అతని చేతికిచ్చింది. 1911లో అతని అనుచరులు ప్రకటించిన అయాలా ప్రణాళిక, గుంజుకున్న భూములు ఊళ్ళకి తిరిగి రావాలంది. 1919 ఏప్రిల్ 10న చినామెకా హసియెండాలో అతన్ని మాయచేసి కాల్చి చంపారు. అదీ చెరుకు హసియెండాయే.

1938 ఫిబ్రవరిలో ప్రెసిడెంట్ లాసారో కార్దెనాస్ సకాతెపెక్‌లో కొత్త చక్కెర మిల్లు తెరిచి, దానికి సపాతా పేరు పెట్టాడు. రైతులూ కార్మికులూ సభ్యులుగా నడిచే సహకార సంఘం అది. ఈ తేదీ దగ్గర నేను ఆగిపోయాను. ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే మాట నుంచి పుట్టిన రెండు ఫ్యాక్టరీలు. ఒకటి నిజాంది, ఇంకోటి రైతులది.

పేరుకి రైతులదే. మేనేజర్ని మాత్రం పైనుంచి ప్రభుత్వం పంపేది. కాటాలో, లెక్కల్లో మోసం జరుగుతోందని రైతులు గొడవపడ్డారు. వాళ్ళ ముందు నిలబడ్డవాడు రుబెన్ హరమియో. కుర్రతనంలో సపాతా సైన్యంలో పోరాడినవాడు, ఈ మిల్లు పాలకమండలికి మొదటి అధ్యక్షుడు. 1942లో సమ్మె జరిగింది, మరుసటి ఏడాది అతను తుపాకీ పట్టాడు. 1962 మే 23న సైనికులు అతన్ని ఇంట్లోంచి తీసుకెళ్ళి, భార్యతో, ముగ్గురు కొడుకులతో సహా చంపేశారు. గేటు మీద సపాతా పేరు అలాగే ఉంది.

2001 సెప్టెంబర్‌లో మెక్సికో ప్రభుత్వం అప్పుల్లో మునిగిన 27 చక్కెర మిల్లుల్ని ప్రైవేటు యజమానుల నుంచి వెనక్కి తీసుకుంది. సకాతెపెక్ వాటిలో ఒకటి. మన ప్రభుత్వం 2002లో బోధన్ ఫ్యాక్టరీలో మెజారిటీ వాటాని ప్రైవేటుకి ఇచ్చింది. అక్కడివి చాలావరకు మళ్ళీ ప్రైవేటుకే వెళ్ళాయి. సకాతెపెక్ ఇప్పుడు ప్రైవేటుదే, నడుస్తోంది. బోధన్‌ది 2015 డిసెంబర్‌లో మూతపడింది. 2024లో తెరిపించే మార్గం చూడమని ప్రభుత్వం కమిటీ వేసింది.

ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు సర్కారుదైతే బతికేది, ప్రైవేటుదైంది కాబట్టి చచ్చింది అని రాద్దామనుకున్నాను. లెక్క కుదర్లేదు. సకాతెపెక్ సర్కారు చేతిలోనూ రైతుని ఏడిపించింది. నాకు కనబడిన తేడా వేరే చోట ఉంది. 2005లో మెక్సికో చేసిన చెరుకు చట్టం, ప్రతి మిల్లు దగ్గరా రైతుల ప్రతినిధులూ మిల్లు ప్రతినిధులూ కలిసి కూర్చునే కమిటీ ఉండాలంది. కోతల ఏర్పాటు నుంచి నాణ్యత లెక్క దాకా అక్కడ మాట్లాడుకోవాలి. హరమియో అడిగిన కాటా ప్రశ్నకి, కనీసం కాగితం మీదైనా, ఒక కుర్చీ దొరికింది. అక్కడి రైతు ఇప్పుడు సుఖంగా ఉన్నాడని నేననను. కానీ మన దగ్గర ఇరవై ఏళ్ళుగా వాదన అంతా ఫ్యాక్టరీ ఎవరిదన్న దాని మీదే. కాటా పక్కన ఎవరు కూర్చోవాలన్నది ఎన్నికల హామీల్లో నేను వినలేదు. రేపు బోధన్‌లో మళ్ళీ పొయ్యి రాజేసినా ముందు అడగాల్సింది అదే.

డిసెంబరే ఎందుకంటే, అక్కడ చెరుకు కోతలు అప్పటికి మొదలవుతాయి. నవంబర్ 2న చనిపోయినవాళ్ళ పండగ బంతిపూలతో చూడదగ్గదని అందరూ చెప్పారు. దాన్ని వదులుకున్నాను. నాకు పొగ వచ్చే చిమ్నీ కావాలి.

ఇదంతా బాపుకి చదివి వినిపించిన. కాసేపు ఏం మాట్లాడలే. తర్వాత అన్నడు: "ఫోటోలు వద్దుర. వీడియో తియ్యి. మిల్లు సప్పుడు వినాలె."