మా ఇంటి మొరప్పూరు బండి

మా సోగత్తూరు ఇంట్లో రైలు మాట వస్తే ముందు మొరప్పూరు బండే. 1906లో మొరప్పూరు నుంచి ధర్మపురికి రెండున్నర అడుగుల నారోగేజి పట్టాలు పడినాయి. 1913లో హోసూరు దాకా పొడిగించినారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మూసేసినారు. మా తాత చిన్నప్పుడు ఆ బండి ఎక్కినవాడు. అందుకే మామ విదేశం నుంచి తెచ్చిన మోడల్ ఇంజనుకు కూడా ఆ పేరే పెట్టినాడు. అది జర్మనీ ఇంజను నమూనా, అసలు కొలతలో 87వ వంతు. అయినా తాతకు అది మొరప్పూరు బండే!

అది పాత డీసీ పద్ధతిది. పట్టాలకు 12 వోల్టుల దాకా ఇస్తే నడుస్తుంది, ప్లస్సు మైనస్సు మారిస్తే వెనక్కి పోతుంది. పిల్లల కొత్త ఇంజను కూడా అదే పట్టా మీద పెడితే రెండూ ఒకేసారి కదులుతాయి. 1980ల చివర్లో జర్మనీలోని లెంజ్ కంపెనీ దీనికి దారి చూపింది. పట్టాల్లో కరెంటుతోపాటే ఆజ్ఞలూ పోతాయి, ఇంజనులోని డీకోడరు బోర్డు తన నంబరుకు వచ్చినదే వింటుంది. 1990లలో అమెరికా మోడల్ రైలు సంఘం దాన్ని ప్రమాణం చేసింది. అదే డీసీసీ.

తాత పోయినాక ఆ బోర్డు వేస్తిమి. పట్టా మీద పెట్టీపెట్టగానే పొగ! టెస్టింగే మా ఉద్యోగం, ఇంట్లో మాత్రం టెస్టు చేయలేదు. చాలా పాత ఇంజన్లలో మోటారు బ్రష్షు ఒకటి లోహపు చట్రానికి తగిలి ఉంటుంది, చట్రంలో పట్టా కరెంటు ఉంటుంది. డీసీకి అది తప్పు కాదు, డీకోడరుకు చావు.

రెండోసారి ముందు మల్టీమీటరు పట్టుకొన్నాము. బ్రష్షుకూ చట్రానికీ మధ్య బీప్ రాకుండా టేపు చుట్టినాము. ఎరుపు, నలుపు తీగలు చక్రాలకు, నారింజ, బూడిదరంగువి మోటారుకు. వెనక్కి నడిస్తే నారింజ, బూడిద తీగలు తారుమారు చేస్తే సరి. ఆగి ఆగి నడిచింది. బోర్డును అనుమానిస్తిమి గానీ చక్రాలకు మసి. తుడిస్తే సరిపోయింది.

మేము చదివింది కన్నడ బడిలో, తెలుగు అక్షరాలు దిద్దించింది తాత. ఇప్పుడు ఆయన బండి 3వ నంబరుకు పలుకుతుంది, పిల్లలది 4కు. కాలిన బోర్డును పారేయలేదు. ఇంజను డబ్బాలోనే పెట్టినాము, రేపు మూత తీసే పిల్లలు ముందు దాన్ని చూడనీ అని.