నీలి మెరుపు పోయి బూడిద రంగు వచ్చిన కథ

కుట్టుమిషన్ల సింగర్ కంపెనీకి 1940లో అమెరికా సైన్యం నుంచి ఒక ఆర్డరు వచ్చింది. 500 పిస్టళ్లు చేసివ్వమని. యుద్ధం మీద పడితే మామూలు కార్ఖానాలకు ఆయుధాలు చేయడం చేతనవునా అని తేల్చుకోవడానికి పెట్టిన పరీక్ష అది. సింగర్ వాళ్లు ఆ 500 చేసిచ్చారు. తర్వాత విమానాలను కూల్చే ఫిరంగులకు గురి లెక్కలు కట్టే యంత్రాల పనిలోకి వెళ్లిపోయారు. మళ్లీ పిస్టల్ జోలికి పోలేదు. ఆ 500లో ఒకటి ఎప్పుడైనా వేలానికి వస్తే పాట లక్ష డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. కాకపోతే కార్ఖానాలో వేసిన నీలి పూత దాని ఒంటి మీద అలాగే ఉండాలి. మధ్యలో ఏ ఆసామో ముచ్చటపడి కొత్తదానిలా మెరుగు పెట్టించి ఉంటే, అక్కడే సగం బేరం పోయినట్టు.

ఇనుము మీద ఇంత పల్చని పొరకు అంత విలువ ఎందుకు?

ఆ పిస్టల్ పేరు ఎం1911. జాన్ మోసెస్ బ్రౌనింగ్ రూపకల్పన. 1911 మార్చి 29న అమెరికా సైన్యం దాన్ని తన ఆయుధంగా స్వీకరించింది. పిస్టల్ పైభాగాన, గొట్టాన్ని కప్పుకొని ముందుకూ వెనక్కూ జారే పొడవాటి ఉక్కు దిమ్మెను స్లైడ్ అంటారు. గుండు పేలగానే అది వెనక్కి వెళ్లి ఖాళీ తూటాను బయట పారేస్తుంది, ముందుకొస్తూ కొత్త తూటాను గొట్టంలోకి ఎక్కిస్తుంది. తోలు ఒరలోంచి తీసినప్పుడల్లా, పెట్టినప్పుడల్లా ఒరుసుకునేది కూడా అదే. అందుకే పాత పిస్టల్ చేతికొస్తే తెలిసినవాళ్లు ముందు స్లైడ్ అంచులు చూస్తారు. పూత అక్కడే మొదట పోతుంది, తెల్లటి ఉక్కు బయటపడుతుంది.

తుపాకీ మీది నీలి పూతను పెయింట్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి అది ఒకరకం తుప్పు. ఎర్రటి తుప్పు పొరలు పొరలుగా ఊడిపోతూ లోపలి ఇనుమును తినేస్తుంది. నల్లటి ఆక్సైడ్ అలా కాదు, ఇనుమును అంటిపెట్టుకుని ఉంటుంది, నూనెను పట్టి ఉంచుతుంది. ముల్లును ముల్లుతో తీసినట్టు, తుప్పుతోనే తుప్పును ఆపుతారన్నమాట. పాతకాలపు పనివాళ్లు ఇనుముకు ఆమ్ల ద్రావణం పూసి కావాలనే సన్నగా తుప్పు పట్టించేవారు. దాన్ని నీళ్లలో మరిగిస్తే ఎరుపు నలుపుగా మారుతుంది. పైన నిలిచిన పొడిని మెత్తని తీగ బ్రష్‌తో తుడిచి, మళ్లీ మొదటి నుంచీ. అనుకున్న రంగు వచ్చేదాకా రోజుల తరబడి ఇదే పని. తర్వాత కొలిమిలో వేడి చేసే పద్ధతి, ఆ తర్వాత మరిగే క్షార లవణాల తొట్టిలో ముంచే పద్ధతి వచ్చాయి.

ఇంత చేసినా అసలు అందం పూతలో లేదు, దాని కింద పట్టిన పాలిష్‌లో ఉంది. అద్దంలా రుద్దిన ఉక్కు మీద వేస్తే నెమలి మెడ నీలం వస్తుంది, గరుకుగా వదిలేసిన దాని మీద వేస్తే మసి నలుపు. 1912లో కోల్ట్ కంపెనీ నుంచి వచ్చిన తొలి పిస్టళ్లు మొదటి రకం. వాటిని చూస్తే సైనికుడి నడుముకు కట్టడానికి చేశారంటే నమ్మబుద్ధి కాదు.

ఆ సోకు ఎక్కువ రోజులు సాగలేదు. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. రోజుకు ఇన్ని కావాలని సైన్యం వెంటపడుతుంటే పాలిష్ చక్రం దగ్గర నిలబడేంత తీరిక ఎవరికుంది? 1918 నాటి కోల్ట్ పిస్టళ్లు మొద్దుగా, మందపాటి నలుపుతో బయటికొచ్చాయి. సేకరణదారులు వాటిని ‘బ్లాక్ ఆర్మీ’ అంటారు. ఆ నలుపు పెళుసు, రేకులుగా లేచిపోతుంది. చూపులకు అనాకారి అయినా నాకు ఆ బ్యాచే ఇష్టం. కార్ఖానా ఊపిరాడని ఆ నెలలు దాని ఒంటి మీద కనిపిస్తాయి.

దీనికి విరుగుడు అప్పటికే మరోచోట తయారవుతోంది. బర్మింగ్‌హామ్‌కు చెందిన థామస్ వాట్స్ కోస్లెట్ 1906లో ఒక పేటెంటు తీసుకున్నాడు. మరిగే ఫాస్ఫారిక్ ఆమ్లపు నీళ్లలో ఇనుమును ఉంచితే దాని ఉపరితలం కొంచెం కరిగి, నీళ్లలో కరగని ఫాస్ఫేట్ స్ఫటికాలుగా మళ్లీ అక్కడే పేరుకుంటుంది. అమెరికాలో క్లార్క్ పార్కర్ ఆ హక్కులు సంపాదించాడు. 1915లో డెట్రాయిట్‌లో పార్కర్ రస్ట్ ప్రూఫ్ కంపెనీ మొదలైంది. పార్కరైజింగ్ అన్న మాట అలా పుట్టింది. 1918 నాటికి సైన్యం రైఫిళ్లకు ఆ పూత ఎక్కింది. పిస్టళ్ల వంతు రావడానికి ఇంకో యుద్ధం కావాల్సి వచ్చింది. 1941లో కోల్ట్ తన సైనిక పిస్టళ్లకు నీలం మానేసి బూడిద రంగు ఫాస్ఫేట్ వేయడం మొదలుపెట్టింది.

ఈ పూత మెరవదు. ఎండలో తళుక్కుమని శత్రువుకు జాడ చెప్పదు. దీనికి అద్దపు పాలిష్ అక్కర్లేదు సరికదా, ఇసుకతో కొట్టి గరుకు చేసిన ఉక్కు మీదే బాగా పడుతుంది. ఆ గరుకు స్ఫటికాల సందుల్లో నూనె నిలుస్తుంది. యుద్ధకాలానికి ఇంతకన్నా ఏం కావాలి? టైపురైటర్ల కంపెనీ రెమింగ్టన్ రాండ్ ఈ పూతతోనే 8 లక్షలకు పైగా పిస్టళ్లు చేసింది.

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు పౌడర్ కోటింగ్ షెడ్లలో పనిచేసినవాళ్లకు ఈ రసాయనం కొత్తేమీ కాదు. ఇనప బీరువాకు రంగు కొట్టేముందు ‘సెవెన్ ట్యాంక్’ అంటూ వరసగా తొట్లలో ముంచుతారే, అందులో ఫాస్ఫేటింగ్ తొట్టి కోస్లెట్ ఆలోచనకు వారసురాలే. అక్కడ అది రంగు పట్టడానికి, ఇక్కడ నూనె పట్టడానికి.

సైన్యం కోసం ఎం1911 తయారీ 1945లో ఆగిపోయింది. అయినా దాన్ని 1985 దాకా, బెరెట్టా పిస్టల్‌ను ఎంచుకునేవరకూ ప్రధాన పిస్టల్‌గా వాడుకుంది. కొత్తవి రానప్పుడు పాతవాటితోనే నెట్టుకురావాలి కదా. రాక్ ఐలాండ్, అగస్టా, స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారాల్లో అరిగిన పిస్టళ్లను విప్పి, భాగాలన్నీ డబ్బాల్లో వేసి, పనికొచ్చేవి ఏరి, పాత పూత ఊడగొట్టి మళ్లీ ఫాస్ఫేట్ చేసేవారు. చేతికందిన స్లైడ్ చేతికందిన ఫ్రేముకు, అంటే పిడి ఉండే కింది భాగానికి, బిగించేవారు. అలా రెమింగ్టన్ రాండ్ స్లైడ్ కోల్ట్ ఫ్రేము మీదికి చేరింది. 1918 నాటి నలుపు, 1912 నాటి నీలం ఏది వచ్చినా ఒకే తొట్టిలోకి. సేకరణదారులు ఇప్పుడు గుండెలు బాదుకుంటారు కానీ, సైన్యానికి కావాల్సింది పేలే పిస్టల్. ఆ పని తప్పని నేననుకోను. పైగా అలా బాగుచేసిన వాటి మీద ఆయుధాగారం తన ముద్ర కొట్టింది. 2018 నుంచి అమెరికా ప్రభుత్వం ఆ మిగులు పిస్టళ్లను పౌరులకు అమ్మిస్తుంటే, అలాంటి ముద్రల కోసమే వెతికి కొనేవాళ్లున్నారు.

చిక్కంతా ఇంట్లో చేసే మెరుగుతోనే. పాలిష్ చక్రం కింద పెడితే పదునైన అంచులు గుండ్రబడతాయి, రంధ్రాల చుట్టూ గుంటలు పడతాయి. కార్ఖానాలో అక్షరాలు అచ్చొత్తినప్పుడు వాటి అంచున లోహం కాస్త పైకి లేస్తుంది. ఆ లేచిన అంచు వేలికి తగలకపోతే ఎవరో ఒకసారి రుద్దేశారని తెలిసినవాళ్లు చెప్పేస్తారు. ఆమ్లపు తొట్టితో ఇంకో ప్రమాదం ఉంది. అక్కడ పుట్టే హైడ్రోజన్ గట్టిపరచిన ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. స్ప్రింగులు విరిగితే కారణం పైకి కనిపించదు. పూత లేచిన మామూలు పిస్టల్‌కు, వాడుకునే మనిషి ఉన్నప్పుడు, మళ్లీ పూత వేయించడం మంచిదే. అరుదైన దానికి మాత్రం నూనె గుడ్డకు మించిన వైద్యం లేదు.

మన దగ్గరా తాతల నాటి లైసెన్సు తుపాకులు బీరువాల్లో ఉన్న ఇళ్లున్నాయి. తుప్పు మచ్చ కనపడగానే ఎమరీ పేపర్ అందుకోకండి. లైసెన్సున్న ఆయుధ మరమ్మతుదారుకే ఇవ్వండి. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం వ్యాపారంగా తుపాకీ బాగుచేసేవారికి లైసెన్సు ఉండాలి. పని మొదలయ్యే ముందే నంబరు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. తుపాకీ మీది పేరూ, నంబరూ చెరిపేయడం అదే చట్టం 8వ సెక్షన్ నిషేధించిన పని.