తెలుగు పాఠానికి ఎన్ని బైట్లు? డేటాబేసుల్లో పరిమాణభేదాలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
డేటాబేసులో భద్రపరచిన తెలుగు పాఠాన్ని తిరిగి చదివినప్పుడు బఫర్ పరిమాణం అనుకున్నదానికి భిన్నంగా రావడం తరచు ఎదురయ్యే సమస్య. దీన్ని కేవలం యంత్రదోషంగా కాక, తెలుగు లిపిని యంత్రం ఏ కాలంలో ఏ కొలమానంతో లెక్కించిందో తెలిపే ఆధారంగా గ్రహించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బైట్, బఫర్, ఇస్కీ, యూనికోడ్, యూటీఎఫ్-8, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం:
తాళపత్రప్రతిని పరిష్కరించే పండితుడు పాఠంలోకి వెళ్లకముందే ఆకులను లెక్కిస్తాడు. లెక్క తగ్గితే ఆకు జారిపోయిందని, పెరిగితే వేరే గ్రంథపు ఆకు కలిసిందని అనుమానిస్తాడు. నేడు నిఘంటువులు, శాసనపాఠాలు, పత్రికల సూచికలు డేటాబేసుల్లోకి చేరుతున్నాయి. అక్కడ ఆకుల లెక్కకు బదులు బైట్ల లెక్క ఉంటుంది. చదివేటప్పుడు ఆ బైట్లు తాత్కాలికంగా నిలిచే చోటు బఫర్. 'తెలుగు' అనే మాటకు అది ఒకచోట 6, ఒకచోట 12, మరొకచోట 18, ఇంకొకచోట 38 బైట్లు చూపవచ్చు. ఈ నాలుగు అంకెలకూ చారిత్రక కారణాలున్నాయి.

2. ఇస్కీ నుంచి యూటీఎఫ్-8 వరకు:
1963లో వెలువడిన ఆస్కీ ప్రమాణంలో ఉన్నవి 128 స్థానాలే. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఐ.ఎస్. 13194గా ప్రకటించిన ఇస్కీ, ఆస్కీని అలాగే ఉంచి, దానిపై భారతీయ లిపులకు ఉమ్మడి సంకేతాలను అమర్చింది. సంకేతానికి ఒక బైట్ చొప్పున 'తెలుగు'లోని మూడు హల్లులకు, మూడు గుణింతపు గుర్తులకు కలిపి 6 బైట్లు. అదే ఏడాది మొదలైన యూనికోడ్, 1988 నాటి ఇస్కీ అమరికను అనుసరించి తెలుగుకు 128 స్థానాల విభాగాన్ని కేటాయించింది. దాని 16 బిట్ల రూపంలో సంకేతానికి 2 బైట్లు, మొత్తం 12. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 ఆంగ్లాక్షరానికి 1 బైటునే ఉంచింది. తెలుగు సంకేతానికి మాత్రం 3 బైట్లు కావలసి వచ్చాయి. కనుక మొత్తం 18.

ఈ పద్ధతుల్లో వేటిలోనూ యంత్రం లెక్కించేది మన అక్షరాన్ని కాదు. ఛందస్సులో న గణమైన 'తెలుగు', ఒకే గురువైన 'స్త్రీ' యూనికోడ్ దృష్టిలో సమానం. రెండింటికీ సంకేతాలు ఆరే, యూటీఎఫ్-8లో బైట్లు పద్దెనిమిదే.

3. డేటాబేసు హద్దులు:
మైఎస్‌క్యూఎల్ చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. 2004లో స్థిరరూపంలో వచ్చిన 4.1కు ముందు, గడి పొడవును బైట్లలోనే కొలిచేవారు. 255 పొడవు గల గడిలో 85 తెలుగు సంకేతాలకు మించి పట్టవు. తరువాత కొలమానం సంకేతాలకు మారింది. అయితే 2018లో 8.0 వచ్చేవరకు ఎవరూ మార్చకపోతే అమలయ్యేది లాటిన్-1 పద్ధతి. అందులో ప్రతి బైటూ ఒక అక్షరమే కనుక, తెలుగు బైట్లను అలాగే దాచినచోట పాత హద్దే కొనసాగింది. హద్దు దాటిన భాగాన్ని కేవలం హెచ్చరికతో కత్తిరించే ధోరణి, కఠిన నియమం 2015లో 5.7తో సహజస్థితి అయ్యేవరకు సాగింది. పెద్ద ఆరోపాల చివరలు ఇలా చడీచప్పుడు లేకుండా పోతాయి.

లాటిన్-1 గడిలో దాగిన 'తెలుగు'ను యూటీఎఫ్-8గా అడిగితే, డేటాబేసు ఆ 18 బైట్లను 18 లాటిన్ అక్షరాలుగా భావించి మళ్లీ సంకేతీకరిస్తుంది. వాటిలో 16 రెండేసి బైట్లుగా, 2 మూడేసి బైట్లుగా మారతాయి. మొత్తం 38. ఇక్కడ పాఠం నశించలేదు. రెండుసార్లు సంకేతీకరణ పొందింది. సవ్యంగా వెనక్కి మారిస్తే తిరిగి దక్కుతుంది.

4. కంటికి కనపడని భేదాలు:
ఐత్వాన్ని యూనికోడ్ ఒకే సంకేతంగానూ, ఎత్వం, ఐత్వపు కింది గుర్తు అనే రెండింటి కలయికగానూ అంగీకరిస్తుంది. అందువల్ల 'కై' 6 బైట్లు కావచ్చు, 9 కావచ్చు. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో పొల్లు నిలపడానికి చేర్చే అదృశ్య సంకేతం మరో 3 బైట్లు పెంచుతుంది. చూపుకు ఒకటైన రూపాలు వెతుకులాటలో వేరవుతాయి. వీటిని ఏకరూపం చేయకుండా తీసిన పదగణన నమ్మదగినది కాదు.

చదివే ప్రోగ్రాము కూడా పొరపడవచ్చు. 2002లో జావా 1.4తో వచ్చిన బైట్‌బఫర్‌లో మొత్తం సామర్థ్యం వేరు, చదవదగిన భాగం వేరు. కసాండ్రా వంటి డేటాబేసు నుంచి అందిన బఫర్ వెనుక ఉన్న శ్రేణినంతా తీసుకుంటే, మన పాఠానికి ముందువెనుకల ఉన్న ఇతర బైట్లు కూడా రావచ్చు. ప్రస్తుత స్థానం నుంచి హద్దు వరకు ఉన్నదే పాఠం. తక్కినది పొరుగు గ్రంథపు ఆకు.

5. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.
1. సంకేతాల సంఖ్యను, బైట్ల సంఖ్యను విడివిడిగా లెక్కించాలి. శుద్ధ తెలుగు పాఠంలో యూటీఎఫ్-8 నిష్పత్తి 3 ఉండాలి. ఖాళీలు, అంకెలు, ఆంగ్ల విరామచిహ్నాలు దాన్ని తగ్గిస్తాయి.
2. పరిమాణం రెట్టింపు దాటితే ద్విసంకేతీకరణను, చాలా ఆరోపాలు సరిగ్గా ఒకే అంకె దగ్గర ఆగితే కత్తిరింపును అనుమానించాలి.
3. ద్విసంకేతీకరణను సరిదిద్దవచ్చు. కత్తిరింపుకు మూలప్రతి ఒక్కటే శరణ్యం. కనుక డేటాబేసు సిద్ధమైందని మూలప్రతులను వదులుకోరాదు.

పాఠపరిష్కరణ తెలిసిన తెలుగు పరిశోధకునికి ఇది పరాయి విద్య కాదు. ఆకులు లెక్కించిన చేయి బైట్లనూ లెక్కించాలి.