నౌకల మరమ్మతు వ్యయం: అంచనా, ధర నిర్ణయం, బడ్జెట్ విధానంలో మార్పులు

తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖపట్నంలో యుద్ధనౌకలు, జలాంతర్గాముల మరమ్మతు పనులు నేవల్ డాక్‌యార్డులోను, హిందుస్థాన్ షిప్‌యార్డు లిమిటెడ్‌లోను జరుగుతున్నవి. 1941లో నెలకొల్పబడిన ఈ షిప్‌యార్డు 2010లో నౌకాయాన మంత్రిత్వ శాఖ నుండి రక్షణ మంత్రిత్వ శాఖకు బదిలీ అయినది. 2025 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చిన రక్షణ సేకరణ మాన్యువల్ ఇటువంటి పనుల ధర నిర్ణయంలో ముఖ్యమైన మార్పులు తెచ్చినది.

అంచనాలో చిక్కు

కొత్త పరికరం కొనుగోలులో వస్తువు, పరిమాణం ముందే తెలిసి ఉంటాయి. మరమ్మతులో అట్లు కాదు. నౌకను డ్రైడాక్‌లోకి చేర్చి పలకలు, పైపులు, యంత్రాలు విప్పిన తరువాత గాని తుప్పు, అరుగుదల ఎంతో తేలదు. అట్లు బయటపడిన అదనపు పనికి మరల ఆర్థిక మంజూరు కోరవలసి వస్తే, అది లభించే వరకు నౌక డాక్‌లోనే నిలిచిపోవును. తరువాతి నౌకకు చోటు దొరకదు.

స్థిర ధర కాంట్రాక్టులో ఈ అనిశ్చితిని గుత్తేదారు ముందే ధరలో కలుపుకొనే అవకాశం కలదు. వాస్తవ వ్యయంపై లాభం చెల్లించే విధానంలో పొదుపు చేయవలసిన అవసరం అతనికి ఉండదు. 2006లో షిప్‌యార్డుకు వచ్చిన సింధుకీర్తి జలాంతర్గామి రీఫిట్ 2015లో గాని పూర్తి కాలేదు. ఆ జాప్యానికి కారణాలు పలు. అయితే సుమారు తొమ్మిదేళ్లు ఒక జలాంతర్గామి సేవకు దూరమైన నష్టం ఏ బిల్లులోను కనిపించదు.

కొత్త నిబంధనలు

* నౌకలు, విమానాల మరమ్మతు, రీఫిట్ పనులలో అదనపు పనికి 15 శాతం మొత్తాన్ని ముందుగానే కేటాయించవచ్చును.
* జాప్యపు పరిహారం గరిష్ఠంగా 5 శాతం. మితిమీరిన జాప్యమైతే 10 శాతం. స్వదేశీ పరికరాల అభివృద్ధి దశలో పరిహారం విధించబడదు.
* స్వదేశీకరణ చేపట్టిన సంస్థలకు 5 సంవత్సరాల వరకు ఆర్డర్ల హామీ ఇవ్వవచ్చును.

అధికారులు గమనించవలసినది

15 శాతం కేటాయింపు అంచనాకు ప్రత్యామ్నాయం కాదు. ప్రాథమిక తనిఖీ సక్రమంగా జరగనిచో అదియును చాలదు. పద్దుల వారీ ధరలను కాంట్రాక్టులోనే ఖరారు చేసినచో అదనపు పనికి బేరసారాలు అవసరం కావు. రీఫిట్ ఒక ఆర్థిక సంవత్సరాన్ని దాటినప్పుడు, ఖర్చు కాని నిధులు మార్చి 31తో మురిగిపోవును. కావున చెల్లింపులను పని దశలతో ముడిపెట్టి, ఏ దశ ఏ సంవత్సరంలో పూర్తి కాగలదో బడ్జెట్ ప్రతిపాదనలోనే చూపుట అవసరం.