హిమానీనదాలలోని సూక్ష్మరేణువుల మూలనిర్ధారణ

హిమానీనదాలలోని సూక్ష్మరేణువుల మూలనిర్ధారణ అనగా, హిమానీనదపు మంచులో చిక్కుకున్న ధూళి, అగ్నిపర్వత బూడిద, మసి, పుప్పొడి, సూక్ష్మజీవులు మొదలైనవి ఎక్కడి నుండి వచ్చాయో నిర్ణయించే శాస్త్రీయ ప్రక్రియ. ఏటేటా కురిసే మంచు పొరలుగా పేరుకుంటూ గాలిలోని రేణువులను తనలో బంధిస్తుంది. అందువలన ఒక్కొక్క పొర ఒక్కొక్క కాలపు వాతావరణానికి సాక్ష్యంగా నిలుస్తుంది.

పద్ధతులు

మంచును నిలువుగా తొలిచి స్తంభాకారపు నమూనాలను తీస్తారు. పరికరాల వలన అంటిన మాలిన్యం పోవడానికి పైపొరను తొలగించి, లోపలి భాగాన్నే పరీక్షిస్తారు.

* ఖనిజ ధూళి: స్ట్రాన్షియం, నియోడిమియం ఐసోటోపుల నిష్పత్తులు ప్రాంతాన్ని బట్టి మారుతాయి. ధూళిలోని నిష్పత్తులను వివిధ ప్రాంతాల మట్టితో పోలుస్తారు. తూర్పు అంటార్కిటికాలోని మంచుయుగపు ధూళి ప్రధానంగా దక్షిణ అమెరికా దక్షిణ భాగం నుండి వచ్చిందని ఇలాగే తెలిసింది.
* మసి: బొగ్గు, పెట్రోలియములలో కార్బన్-14 మిగిలి ఉండదు, కట్టెలు, పంట వ్యర్థాలలో ఉంటుంది. దీనిని కొలిచి మసి ఏ ఇంధనానిదో అంచనా వేస్తారు.
* సూక్ష్మజీవులు: 16ఎస్ రైబోసోమల్ ఆర్.ఎన్.ఎ. జన్యువును తెలిసిన జాతులతో పోల్చి దగ్గరి బంధువులను గుర్తిస్తారు.

హైదరాబాదులో పరిశోధనలు

లాలాపేట, తార్నాకలకు చేరువలో, హబ్సిగూడ వద్ద ఉన్న సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం)లో ఎస్.శివాజీ, ఆయన సహచరులు హిమాలయ బాక్టీరియాలపై విశేష కృషి చేశారు. హమ్తా హిమానీనదం నుండి వేరుచేసిన ఎక్సిగ్వోబాక్టీరియం ఇండికమ్‌ను 2006లోను, పిండారీ హిమానీనదం నుండి వేరుచేసిన బాసిల్లస్ సెసెంబెన్సిస్‌ను 2008లోను కొత్త జాతులుగా వర్ణించారు. రెండవ దాని పేరు సీసీఎంబీ అనే పొడి అక్షరాల నుండి పుట్టినదే.

2005 ఏప్రిల్‌లో హైదరాబాదు నుండి ఎగురవేసిన బెలూను 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తున గాలి నమూనాలను సేకరించింది. వాటిలో మూడు కొత్త బాక్టీరియా జాతులు లభించినట్లు ఇస్రో 2009లో ప్రకటించింది. అవి భూమికి వెలుపలి నుండి వచ్చినట్లు ఈ అధ్యయనం రుజువు చేయలేదని కూడా ఇస్రో స్పష్టం చేసింది.

పరిమితులు

ఒక జీవి ఒకచోట దొరికినంత మాత్రాన అది అక్కడే పుట్టిందని చెప్పలేము. బాక్టీరియా గాలితో ఎంతో దూరం ప్రయాణించగలదు. మంచులో వృద్ధి చెందనూగలదు. కనుక జన్యు సామ్యం బంధుత్వాన్ని తెలుపుతుందే గాని, వచ్చిన దారిని తెలుపదు. గాలుల గమనాన్ని, ఖనిజ ఆధారాలను కూడా జోడించి చూడవలసి ఉంటుంది.

ప్రాముఖ్యత

మసి పడిన మంచు సూర్యరశ్మిని ఎక్కువగా గ్రహించి త్వరగా కరుగుతుంది. గంగ, సింధు, బ్రహ్మపుత్ర నదులకు హిమాలయపు మంచు ఒక ముఖ్య ఆధారం. ఆ మసి పొయ్యిలదా, వాహనాలదా, తగలబెట్టిన పొలాలదా అన్నది తేలితేనే దానిని ఎక్కడ అరికట్టాలో నిర్ణయించడం సాధ్యమవుతుంది.