పన్నెండు పేర్లు కొట్టేయమన్నారు (చరిత్రలో మనం – 14వ భాగం)



పోయిన భాగంలో 1917 నవంబర్ బెజవాడ సభ గురించి రాశాను. భాగ్యరెడ్డి వర్మ గారి అధ్యక్షతన మనవాళ్ళు కూర్చుని, 'పంచములు' అన్న పేరు మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం అని తేల్చుకున్న సభ. ఆ సభ జరిగిన రోజుల్లో కొండమీద దుర్గ గుడి తలుపులు మూసేశారని రాస్తే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మనవాళ్ళు గుళ్ళోకి వస్తామని అనలేదు గదా. సభ పెట్టుకున్నారు, అంతే. దానికే ఎందుకు మూశారు?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే మిమ్మల్ని ఒకసారి బ్రెజిల్ తీసుకెళ్ళాలి. కంగారు పడకండి, మళ్ళీ డెల్టాకే వస్తాం.

నాకు ఫుట్‌బాల్ పిచ్చి ఉందని మీలో కొందరికి తెలుసు. 2023లో బ్రెజిల్ లీగ్ సీజన్ మొత్తం ఫోన్‌లో స్కోర్లు చూస్తూ గడిపాను. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర మ్యాచ్ అంటే మనకి తెల్లారి ఆరు గంటలు. పాల ప్యాకెట్టు తెచ్చుకునే వేళ. ఆ లీగ్‌లో 20 జట్లు, ఒక్కో జట్టుకి 38 మ్యాచ్‌లు. పైన ఉన్నవాళ్ళు టైటిల్ కోసం కొట్టుకుంటారు. అడుగున నిలిచిన నాలుగు జట్లు కింది డివిజన్‌కి దిగిపోతాయి, కింద నుంచి నాలుగు పైకి వస్తాయి. ఎంత పేరున్న క్లబ్బయినా పాయింట్లు లేకపోతే దిగాల్సిందే.

ఆ ఏడు పైన ఆట చూడాలి. రియో నగరం జట్టు బొటాఫోగో సగం సీజన్ అయ్యేసరికి 13 పాయింట్ల ముందుంది. ఇంక కప్పు వాళ్ళదే అన్నారు అందరూ. నవంబర్ 1న పాల్మైరాస్ మీద మూడు గోల్స్ ఆధిక్యంలో ఉండి 4-3తో ఓడిపోయారు. అక్కణ్ణుంచి జారుడే. చివరికి పాల్మైరాస్ 70 పాయింట్లతో ఛాంపియన్, బొటాఫోగో 64తో ఐదో స్థానం.

కానీ నా కళ్ళు అడుగునే ఉన్నాయి. అక్కడ వాస్కో ద గామా ఉంది. మన బడి పుస్తకాల్లో 1498లో కాలికట్ వచ్చాడని చదువుకున్నామే, ఆయన పేరే. ఆ ప్రయాణానికి 400 ఏళ్ళు నిండాయని 1898లో రియోలోని పోర్చుగీసు వ్యాపారులు పెట్టుకున్న క్లబ్బు అది. దొరల పేరు పెట్టుకున్న క్లబ్బుని మనం ఎందుకు పట్టించుకోవాలి అంటారా? దానికి సరిగ్గా వందేళ్ళు వెనక్కి, 1923కి వెళ్ళాలి.

బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో. అంటే 1923 నాటికి బానిసగా పుట్టిన తల్లి, తండ్రి ఇంకా ఇంట్లో బతికే ఉన్న కాలం. ఫుట్‌బాల్ అప్పుడు పెద్దింటి పిల్లల ఆట. బంగూ అనే బట్టల మిల్లు జట్టు లాంటి చోట్ల నల్లవాళ్ళు ఆడేవాళ్ళు గానీ, కప్పు మాత్రం పెద్ద క్లబ్బుల గడప దాటేది కాదు. వాస్కో 1922లో కింది డివిజన్ గెలిచి, 1923లో పై డివిజన్‌కి వచ్చింది. జట్టులో నల్లవాళ్ళు, మిశ్రమ జాతివాళ్ళు, పేద తెల్లవాళ్ళు. ఒకరు డ్రైవర్, ఒకరు గోడలకు రంగులు వేసేవాడు, ఒకరు రేవులో మూటలు మోసేవాడు. పై డివిజన్‌కి వచ్చిన మొదటి ఏడాదే కప్పు కొట్టారు. సీజన్ మొత్తంలో ఒక్కసారే, ఫ్లమెంగో చేతిలో, ఓడిపోయారు.

ఇక్కడ నిజం నిజంగా చెప్పుకోవాలి. వాస్కో పెద్దలు సంఘ సంస్కర్తలు కారు. వాళ్ళు వ్యాపారులు, వాళ్ళకు గెలుపు కావాలి. బాగా ఆడేవాణ్ణి తెచ్చి ఆడించారు. ఆ కాలానికి అదే పెద్ద నేరమయింది.

మరుసటి ఏడాది ఏం జరిగిందో చూడండి. ఫ్లమెంగో, ఫ్లుమినెన్సే, బొటాఫోగో వంటి పెద్ద క్లబ్బులు పాత లీగ్ వదిలేసి 1924లో కొత్త సంఘం పెట్టుకున్నాయి. అందులో చేరాలంటే షరతులు. ఆటగాడికి తగిన ఉద్యోగం ఉండాలి. చదవడం, రాయడం రావాలి. క్లబ్బుకి తగిన మైదానం ఉండాలి. ఆటగాళ్ళ పని, బతుకు మీద విచారణ జరిపి, వాస్కోకి చెప్పారు: ఈ పన్నెండు మందిని తీసేస్తే మీరు రావచ్చు.

ఆ నిబంధనల కాగితంలో 'నల్లవాడు' అన్న మాట లేదు. వెతికినా దొరకదు. ఉద్యోగం అని ఉంది, చదువు అని ఉంది, మైదానం అని ఉంది. ఈ మూడూ ఎవరికి లేవో రాసినవాళ్ళకు తెలుసు. 1891 నాటి బ్రెజిల్ రాజ్యాంగం కూడా చదువు రానివాడికి ఓటు లేదంది. ఆ ఓటు వాళ్ళకు మళ్ళీ దొరికింది 1985లో, మనకు కారంచేడు జరిగిన ఏడాది. అంబేడ్కర్ గారు వయోజన ఓటు కోసం ఎందుకంత పట్టుబట్టారో ఇప్పుడు అర్థమవుతోందా?

ఇది చదువుతుంటే నాకు మా ఊరే గుర్తొచ్చింది. నేను ఇంటర్ చదివే రోజుల్లో సంక్రాంతి వాలీబాల్ పోటీల్లో మా పల్లె జట్టు మొదటిసారి ఫైనల్ గెలిచింది. డప్పులు కొట్టుకుంటూ కాలవగట్టు మీద ఇంటికొచ్చాం. మరుసటి సంక్రాంతికి కొత్త కాగితం అంటించారు. ప్రతి ఆటగాడికీ బూట్లు ఉండాలి, ఊరి యువజన సంఘంలో సభ్యత్వం ఉండాలి అని. మా ఎనిమిది మందిలో బూట్లు ఉన్నది ఇద్దరికి. సభ్యత్వం ఒక్కడికీ లేదు, అడిగితే ఇచ్చేవాళ్ళూ లేరు. ఎవరూ కులం పేరు ఎత్తలేదు. మా నాన్న ఆ కాగితం చదివించుకుని, "పోయినేడు గెలవకుండా ఉంటే మీకీ బూట్లు అక్కర్లేకపోను రా" అన్నాడు.

వాస్కో ఏం చేసింది? 1924 ఏప్రిల్ 7న క్లబ్బు అధ్యక్షుడు జోసే అగుస్తో ప్రెస్తెస్ ఆ సంఘానికి ఉత్తరం రాశాడు. మాకు కప్పు తెచ్చిన ఈ పన్నెండు మంది కుర్రాళ్ళను బలిపెట్టి మీ దగ్గరకు రాలేం, మీ సంఘంలో చేరడం మానుకుంటున్నాం అని దాని సారాంశం. పాత లీగ్‌లోనే ఉండిపోయి ఆ ఏడు కప్పు కూడా గెలుచుకున్నారు. చివరికి పెద్ద క్లబ్బులే దిగొచ్చాయి, 1925లో వాస్కోని తీసుకున్నాయి. మీకు మైదానం లేదు అన్న మాటకి మాత్రం జవాబు మిగిలింది. సభ్యులూ అభిమానులూ చందాలు వేసుకుని సావ్ జనువారియో స్టేడియం కట్టారు. 1927 ఏప్రిల్ 21న తెరిచే నాటికి బ్రెజిల్‌లో అదే అతి పెద్దది. సాంటోస్‌తో ఆడిన తొలి మ్యాచ్ 5-3తో ఓడిపోయారు. అయినా సొంత గడ్డ మీద ఓడిపోయారు. దానికి నెల రోజుల ముందే, మార్చి 20న, బాబాసాహెబ్ మహాడ్ చెరువులో నీళ్ళు తాగారు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. కాలం ఒకటే.

ఇక 2023కి వద్దాం. జూన్‌లో వాస్కో సొంత స్టేడియంలో ఓడినప్పుడు గొడవ జరిగింది, స్టేడియాన్ని జనానికి మూసేశారు. గొడవకు శిక్ష ఉండాలి, కాదనను. కానీ ఆ సందర్భంలో ఒక న్యాయమూర్తి రాసిన కాగితంలో స్టేడియం పక్కనున్న బారైరా దో వాస్కో అనే పేదల బస్తీని, అక్కడి తుపాకుల మోతను కూడా కారణంగా చూపారు. స్టేడియంలో జరిగినదానికి పక్క పేట ఎందుకు బోనెక్కింది? బస్తీ జనం, అభిమానులు కలిసి నిలదీశారు. సెప్టెంబర్‌లో గేట్లు తెరుచుకున్నాయి.

చివరి రోజు డిసెంబర్ 6. అవును, బాబాసాహెబ్ వర్ధంతి రోజే. ముందు రోజే మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మన వైపు కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంది, పడింది ఎక్కువగా కౌలు రైతు చేనే. తడి బట్టలతోనే విగ్రహానికి దండ వేసి వచ్చాం. ఏడో తేదీ తెల్లారి ఆరింటికి ఫోన్ తెరిచాను. సాంటోస్‌కి 43 పాయింట్లు, వాస్కోకి 42, బాహియాకి 41. ముగ్గురిలో ఒకరు దిగిపోవాలి. వాస్కో 2-1తో గెలిచింది. బాహియా గెలిచింది. సాంటోస్ ఓడిపోయింది. పెలే ఆడిన క్లబ్బు, 1912లో పుట్టింది, చరిత్రలో మొదటిసారి కింది డివిజన్‌కి దిగింది.

వాస్కో కూడా అంతకు ముందు నాలుగుసార్లు దిగింది: 2008, 2013, 2015, 2020. దిగిన ప్రతిసారీ ఏడ్చారు గానీ అన్యాయం అనలేదు. పాయింట్లు చాలలేదు, దిగారు. గెలిచారు, మళ్ళీ ఎక్కారు. అంబేడ్కర్ 1920లో 'మూక్ నాయక్' తొలి సంచికలో మన సమాజాన్ని మెట్లు లేని అంతస్తుల మేడతో పోల్చారు. మన దేశంలో ఫుట్‌బాల్ కూడా చాలాకాలం ఆ మేడే. 2014లో మొదలైన ఐఎస్ఎల్‌లో చాలా ఏళ్ళు అడుగున నిలిచిన జట్టు దిగేది లేదు. గోకులం కేరళ వరసగా రెండేళ్ళు ఐ-లీగ్ గెలిచినా పైకి రానివ్వలేదు. 2022-23 నుంచే ఐ-లీగ్ విజేతకు దారి తెరిచారు. మన శ్రీనిధి డెక్కన్ ఆ ఏడూ, మరుసటి ఏడూ రెండో స్థానంలో ఆగిపోయింది. అది ఓటమి, ఒప్పుకోవచ్చు. మెట్టు ఉండి ఎక్కలేకపోవడం వేరు, మెట్టే లేకపోవడం వేరు.

తమ్ముడూ, ఇప్పుడు నీ ప్రశ్న. 1917లో తలుపులు మనం లోపలికి వస్తామన్నందుకు మూయలేదు. మన పేరు మనమే పెట్టుకున్నందుకు మూశారు. వాస్కో కింది డివిజన్‌లో ఉన్నన్నాళ్ళూ ఎవరూ వాళ్ళ చదువు అడగలేదు. మా పల్లె ఓడినన్నాళ్ళూ ఎవరూ మా బూట్లు చూడలేదు. రిజర్వేషన్ గురించి 'మెరిట్' అని మాట్లాడేవాళ్ళు ఎదురైనప్పుడు ఒక్క మాట అడగండి: ఈ నిబంధన ఎప్పుడు రాశారు, మేం గెలవక ముందా, గెలిచాకా?

వచ్చే ఆదివారం పాల్వంకర్ బాలూ. 1911లో ఇంగ్లండ్ వెళ్ళి వందకు పైగా వికెట్లు తీసిన మనవాడు, కెప్టెన్ మాత్రం కాలేకపోయినవాడు. మీ ఊళ్ళలో ఇలాంటి 'కొత్త కాగితాల' కథలుంటే రాయండి, ఊరి పేరు లేకపోయినా పర్వాలేదు.

(ఇంకా ఉంది)